పెతాఁ, నివెల్: ఇద్దరిలో ఎవరు మేలు?

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో ఇద్దరూ ఫ్రెంచ్ సైన్యంలో కల్నల్‌లే. పెతాఁకి అప్పటికే 58 ఏళ్లు, రిటైర్మెంట్ దగ్గరపడింది. యుద్ధం రాకపోతే ఆయన పేరు మనదాకా వచ్చేది కాదు.

1916లో జర్మన్లు దాడి చేసిన ఫ్రెంచ్ పట్టణం వెర్డన్‌లో పెతాఁ చూసుకున్నది ముఖ్యంగా రోడ్డు. బార్-ల్యు-దుక్ ఊరి నుంచి వెర్డన్‌కి రాత్రింబవళ్లు లారీలు; గుంత పడితే అక్కడికక్కడే కంకర పోసేవారు. అలసిన దళాలను వెనక్కి పిలిచి కొత్తవాళ్లను పంపేవాడు.

నివెల్ ఫిరంగుల మనిషి, మాటకారి. ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ ఇట్టే పడిపోయాడు. 48 గంటల్లో జర్మన్ వరుసను చీలుస్తానన్నాడు నివెల్. 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని షెమాఁ దే దామ్ గుట్టల దగ్గర ఆ మాట నీటిమూటైంది, ఫ్రెంచ్ సైనికులే ఎదురుతిరిగారు. మే నెలలో ఆయన సర్వసేనాధిపతి కుర్చీ పెతాఁకే దక్కింది.

సిపాయిగా అయితే నేను పెతాఁ కిందే ఉంటాను. 1940 తర్వాత జర్మనీతో చేతులు కలిపిన పెతాఁ సంగతి వేరు.