పొందూరు ఖాదీ, మూడు రంగుల జాకెట్లు, సగం ఖాళీ బీరువా: నాలుగేళ్లు వాడాక

బీరువా తగ్గించుకోమనే సలహాలన్నీ లెక్కతో మొదలవుతాయి. ఇన్ని బట్టలే ఉండాలి, ఏడాదిగా కట్టనిది తీసేయాలి అంటారు. మన ఇళ్లలో అది కుదిరే పని కాదు. పెళ్లి పట్టుచీర ఏడాదికోసారి కూడా కట్టం, అలాగని ఎవరికీ ఇచ్చెయ్యం. నాకు పని చేసిన దారి వేరు. ముందు గుడ్డ తేల్చుకున్నాను. నా ఒంటికి ఏ గుడ్డ పడుతుందో తెలిశాక, మిగతావి బీరువాలోంచి వాటంతటవే కదిలాయి.

నేను శ్రీకాకుళంలో ఉంటాను, ఆమదాలవలస వైపు ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతాను. పొద్దున్నే బస్సు, రోజంతా నిలబడటం, సాయంత్రం మళ్లీ బస్సు. మార్చిలో మొదలైన ఉక్క దసరా దాటేదాకా వదలదు, వాన పడినా చెమట ఆగదు. జార్జెట్‌, సిల్కులాంటి సింథటిక్ చీరలు ఇస్త్రీ అక్కర్లేదని కొనుక్కునేవాళ్లం. మూడో పీరియడ్‌కే వీపుకి అతుక్కుపోతాయి. ఇప్పుడు రోజువారీకి నావి రెండే రకాలు: మా జిల్లాలోని పొందూరు ఖాదీ, మామూలు చేనేత నూలు చీరలు.

ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మగ్గం రెండింటికీ ఉంది, తేడా అంతా నూలులో ఉంది. చేనేతకి మిల్లు నూలు వాడొచ్చు. ఖాదీకి నూలు కూడా చేత్తో వడకాలి. పొందూరులో కొండపత్తి గింజల మీది దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు గింజను వదిలి పోగును మెత్తగా పైకి లాగుతాయి. దూదిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి దవ్వలో దాచి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఆ పనంతా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. అలా వంద కౌంట్ నూలు కూడా తీస్తారు. కౌంట్ అంటే నూలు సన్నదనానికి లెక్క. వంద కౌంట్ అంటే, ఒక పౌను బరువుకి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) వంద. సుమారు 77 కిలోమీటర్ల పోగు అరకిలో కూడా తూగదన్నమాట. చీర పట్టుకుంటే ఆ పలచదనం తెలుస్తుంది. ఖరీదు ఎందుకంతో కూడా అక్కడే తెలుస్తుంది.

వేసవిలో ఖాదీకి నేను పూర్తి మార్కులు వేస్తాను. చెమట పీల్చుకుంటుంది, గాలి తగిలితే వెంటనే ఆరిపోతుంది. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మొదట కొన్న గంధం రంగు చీర ఇప్పుడే ఎక్కువ బాగుంది. కొత్తలో కుచ్చిళ్లు పొడుచుకొచ్చినట్టు నిలబడేవి. ఇప్పుడు ఒక్క సర్దుతో కుదురుకుంటాయి.

నా శైలి ఏమిటో తేల్చింది మాత్రం చీర కాదు, జాకెట్. ప్రతి చీరకీ మ్యాచింగ్ జాకెట్ కుట్టించడమే బీరువా నిండడానికి సగం కారణం. చీర పోయినా జాకెట్ మిగులుతుంది, ఒళ్లు మారితే జాకెట్ పనికిరాదు. అందుకే మూడే రంగులు ఉంచుకున్నాను: నలుపు, మెరూన్, గంధం. టూ బై టూ గుడ్డ, మోచేతి దాకా చేతులు, గుండ్రటి మెడ, కుట్లలో రెండు వైపులా విప్పుకోవడానికి వీలుగా గుడ్డ. ఒక్కో రంగులో రెండేసి. కుట్టించేముందు గుడ్డను రాత్రంతా నానబెట్టి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే చంకల దగ్గర బిగుస్తుంది. ఈ మూడింటికీ కుదరని చీర ఎంత నచ్చినా కొనను. అలా చూస్తే నాకు నిజంగా పడే రంగులు బయటపడ్డాయి: నీలిమందు నీలం, ఇటుక ఎరుపు, ఆవపిండి పసుపు, తెలుపు. అంచు సన్నగా, జరీ లేకుండా ఉండాలి. స్టాఫ్‌రూమ్‌లో దూరం నుంచి చూసినా నేనే అని గుర్తుపడతారు. అది నాకు చాలా ఇష్టం.

ఇక కష్టాలు. ఖాదీకి గంజి తప్పదు, గంజికి ఓపిక కావాలి. కుక్కర్లు వచ్చాక అన్నం వార్చడమే లేదు, కాబట్టి విడిగా కాయాలి. ముదురు రంగులకు బియ్యం గంజి పెడితే తెల్లటి చారలు పడతాయి, సగ్గుబియ్యం గంజి మేలు. పలచగా కాచి, గుడ్డలో వడగట్టి, నీళ్లు కలిపి చీర ముంచాలి. గట్టిగా పిండకూడదు. నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే మా అమ్మాయి ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని లాగి మడత పెడతాం. ఆ తడి మీదే ఇస్త్రీ చేస్తే గీత కూడా పడదు. పూర్తిగా ఎండనిస్తే అరగంట కుస్తీ. వానాకాలంలో గంజి పెట్టిన చీర బీరువాలో ఉంచొద్దు, పురుగు పడుతుంది. ఆ మూడు నెలలూ నేను ఉతికి మామూలుగానే మడతపెడతాను, స్కూలుకి చేనేత నూలు చీరలే కడతాను.

రెండో కష్టం రంగు. బజారులో ఒక దుకాణంలో కొన్న నీలం చీర రంగు గట్టిదన్నారు. మొదటి తడుపుకే తెల్ల లంగా నీలమైంది. అప్పటినుంచి బిల్లు వేయించేముందు కొంగు మూల తడి చేసి తెల్ల చేతిరుమాలుతో రుద్ది చూస్తాను. దుకాణదారులు చూడనిస్తారు. మూడోది మడతలు. నీలం చీరలు మడతల దగ్గరే ముందు వెలుస్తాయి. నెలకోసారి మడత మార్చి పెడితే కొంత ఆగుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు బయటినుంచి వచ్చే చీరలు. పెళ్లి, పుష్పవతి ఫంక్షన్, గృహప్రవేశం, ఎక్కడికెళ్లినా బొట్టుపెట్టి పెట్టుబడి చీర చేతిలో పెడతారు. కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు. నేను తీసుకుంటాను, కళ్లకద్దుకుంటాను, కానీ ఆ చీర మా బీరువాలోకి వెళ్లదు. హాల్లో ఒక సంచి ఉంది, అందులో ఉంటుంది. మా ఇంట్లో పని చేసే అప్పకో, మరిది భార్యకో నచ్చితే వాళ్లు తీసుకుంటారు. మా పిన్ని మొదట్లో, "ఏటే, జీతం వస్తంది కదా, ఎప్పుడూ అవే ముతక చీరలేటి?" అనేది. నిరుడు వేసవిలో మా ఇంటికి వచ్చి కరెంటు పోయిన మధ్యాహ్నం నా ఖాదీ చీర కట్టుకుంది. వెళ్లేటప్పుడు, "ఇదెక్కడ కొన్నావే?" అని అడిగి, చీర మార్చకుండానే బస్సెక్కింది.

పట్టుచీరలు నాలుగు ఉంచుకున్నాను, అన్ని పెళ్లిళ్లకూ అవే తిరుగుతాయి. ఫొటోల్లో మళ్లీ అదే చీర అని అనేవాళ్లున్నారు. అననీ.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, రోజూ చీర కట్టే ఉద్యోగస్తులకు కళ్లు మూసుకుని. ఇంట్లో ఇస్త్రీకి మనిషి లేక, వారానికి ఆరు రోజులు పొద్దున్నే ఆరింటికి బయల్దేరేవాళ్లు మాత్రం పూర్తిగా ఖాదీకి దిగకుండా, ఒకటి ఖాదీ, నాలుగు చేనేతలతో మొదలుపెట్టండి. కొనేటప్పుడు ఖాదీ మార్క్ చూడండి, చేనేతకైతే హ్యాండ్‌లూమ్ మార్క్. పొందూరు వెళ్లగలిగితే ఇంకా మంచిది, హౌరా-చెన్నై లైను మీదే స్టేషన్ ఉంది. 1949లో మొదలైన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం అక్కడే ఉంది, వడికే వాళ్లను, నేసే వాళ్లను కళ్లారా చూసి కొనుక్కోవచ్చు. గాంధీ జయంతికి ఖాదీ మీద రిబేటు ఇస్తారు కాబట్టి నేను ఏడాది చీరలు అక్టోబరులోనే తీసుకుంటాను. చీరతో పాటు ఒక మూర తెల్ల ఖాదీ గుడ్డ కూడా కొనండి, గంజి వడగట్టడానికి దానంత బాగా ఏదీ పనికిరాదు.