టిక్కుమన్నంత మాత్రాన గొళ్లెం పడినట్టు కాదు: వైజాగ్ ఉప్పుగాలిలో పదహారు నెలలు వాడిన ట్రావెల్ కాట్

ఊళ్లకు వెళ్లేటప్పుడు పాపను పడుకోబెట్టడానికి కొన్న ఈ మడత కాట్‌ని పదహారు నెలలు వాడాక గట్టిగా చెప్పాలనిపిస్తున్నది ఒక్కటే, పైకమ్మీ మధ్యలో ఉండే గొళ్లెం గురించి. రంగు, బ్యాగు, చక్రాలు, పక్కన వేలాడే జేబు ఇవన్నీ అట్టపెట్టె మీద బొమ్మలోనే కనిపిస్తాయి. వాటి జోలికి పోను.

కొన్న నెలలో అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను: అర నిమిషంలో తెరుచుకుంటుంది, ఒంటిచేత్తో అయిపోతుంది అని. అర నిమిషం మాట ఇప్పటికీ నిజమే. ఒంటిచెయ్యి మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. తెరవడానికి ఒక చెయ్యి చాలు గానీ, నిజంగా తెరుచుకుందో లేదో తేల్చుకోవాలంటే రెండు చేతులూ కావాలి, ఒంటి బరువూ మోపాలి.

ఇలాంటి కాట్‌లకి పైన నాలుగు కమ్మీలుంటాయి. ఒక్కో కమ్మీ సరిగ్గా మధ్యలో మడతపడుతుంది. మడత పడే చోట ప్లాస్టిక్ గూడు, ఆ గూట్లో నాలుక లాంటి చిన్న ముక్క, దాన్ని వెనకనుంచి తోసే స్ప్రింగు. కమ్మీ తిన్నగా కాగానే నాలుక గాడిలో పడి టిక్కుమంటుంది. కింద అడుగుభాగం మధ్యలో బొడ్డు లాంటిది ఒకటి ఉంటుంది. బొడ్డు పైకి లాగి ఉండగానే నాలుగు కమ్మీలూ బిగించుకోవాలి. మా దాంట్లో ముందు పొట్టివి రెండూ, తర్వాత పొడుగువి రెండూ. నాలుగూ పడ్డాకే బొడ్డును కిందికి అదమాలి. తొందరపడి బొడ్డు ముందే దించేస్తే కాళ్లు బయటికి తన్నుకుంటాయి, కమ్మీలు ఈడ్చినట్టయి నాలుక గాడి దాకా రాదు. మడిచేటప్పుడు ఇదంతా తిరగేసి చెయ్యాలి: పరుపు తీసి, బొడ్డు పైకి లాగి, కమ్మీని రవ్వంత పైకెత్తి, అప్పుడు గొళ్లెం విప్పే మీట నొక్కాలి. మీట నొక్కుతుంటే కమ్మీ రావట్లేదంటే చాలాసార్లు బొడ్డు ఎత్తడం మర్చిపోయి ఉంటారు. బలం పెట్టి గుంజితే గూడు చీలుతుంది.

మా ఇల్లు పెదవాల్తేరు వైపు, సముద్రం గాలి నేరుగా తగిలే చోటు. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయించుకునే వాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. కాట్ పైపులకు బయట పూత బాగానే ఉంది. కమ్మీ మడతపడే చోట మాత్రం రెండు పైపుల అంచులూ ప్రతిసారీ ఒరుసుకుంటాయి. అక్కడ పూత రెండు మూడు నెలల్లోనే గీసుకుపోయింది, ఆ గీతలోంచి తుప్పు మొదలైంది. పైన గుడ్డ తొడుగు ఉంటుంది కాబట్టి అదేదీ కంటికి కనపడదు. నాలుగో నెలలో కిటికీ వైపు పొడుగు కమ్మీ మీట బిరుసెక్కింది. పాప కమ్మీని చప్పరిస్తుంది కదా, మిషన్ ఆయిల్ వెయ్యడానికి మనసొప్పలేదు. నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేశాం. వెంటనే వెన్నలా జారింది. అప్పట్లో అది మంచి చిట్కా అని ఇంకొకరికి కూడా చెప్పినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

దాని అసలు రూపం డిసెంబరులో అరకులో బయటపడింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలుపెడుతుంది. వైజాగ్‌లో చలికాలం పగళ్లలో కూడా సీసాలో కరిగే ఉంటుంది కాబట్టి ఆ సంగతి తట్టలేదు. అరకు లోయలో డిసెంబరు రాత్రి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. గూట్లో నూనె గడ్డకట్టింది. కమ్మీ ఎత్తగానే ఎప్పటిలాగే టిక్కుమంది, చూడ్డానికి తిన్నగానే ఉంది. పాపను దించేముందు అలవాటు కొద్దీ మధ్యలో రెండు అరచేతులతో అదిమితే, ఒక వేలు లోతు దిగి, ఒక్క క్షణం ఆగి, మధ్యకి విరిగి పడిపోయింది. నాలుక గాడి అంచు మీద కొస మాత్రమే ఆనించి నిలబడిందన్నమాట. ఆ టిక్కు గాడిలో పడ్డ చప్పుడు కాదు, అంచుకు తగిలిన చప్పుడు. ఆ రాత్రి కాట్ మడిచి మూలన పెట్టి, దాని పరుపునే గోడకీ మంచానికీ దూరంగా నేలమీద పరిచి పాపను పడుకోబెట్టాం.

ఇంటికొచ్చాక తొడుగు జిప్పు విప్పి చూస్తే గూడు నిండా గోధుమరంగు ముద్ద. తుప్పు పొడి, కొబ్బరినూనె, రుషికొండ ఇసుక, మూడూ కలిసి ఎండిపోయి ఉన్నాయి. ఇసుక ఎలా వచ్చిందో చెప్పాలి: రెండుసార్లు బీచ్‌లో నీడకింద కాట్ వేశాం. పెట్టె మీద ఆరుబయట వాడొచ్చన్న బొమ్మ ఉంది. పచ్చిక మీద సరేగానీ ఇసుకలో వెయ్యకండి. జిడ్డున్న చోట ఇసుక పట్టుకుంటే ఇక వదలదు, నాలుక కదిలినప్పుడల్లా ఆకురాయిలా అరగదీస్తుంది. మా దాంట్లో నాలుక కొస అరిగి గుండ్రబడింది. దాన్ని శుభ్రం చేస్తే మీట మళ్లీ మెత్తగా ఆడింది గానీ, కొస అరిగిన నాలుకను నమ్మడానికి లేదు. కమ్మీ మొత్తం మార్పించాం. అమ్మిన కంపెనీ ముందు నూనె వెయ్యమని సలహా ఇచ్చింది. కమ్మీ పడిపోతున్న వీడియో పంపాక ఐదు వారాలకు కొత్తది వచ్చింది. ఆ ఐదు వారాలూ కాట్ విప్పలేదు. తీగతో కట్టడం, టేపు చుట్టడం లాంటివి దీనికి పనికిరావు.

ఒక కమ్మీకి ఇంత గొడవా అనేవాళ్లు ఉన్నారు. పైకమ్మీ మధ్యలో కూలితే రెండు ముక్కలూ ఇంగ్లిష్ వీ అక్షరంలా దిగుతాయి. నిలబడి కమ్మీ పట్టుకున్న బిడ్డ మెడ సరిగ్గా ఆ మూలలోకే వస్తుంది. 1998లో షికాగోలో ఒక శిశు సంరక్షణ ఇంట్లో ఏడాదిన్నర కూడా నిండని బాబు ఇలాగే చనిపోయాడు. ఆ మోడల్ కాట్‌ని వెనక్కి తీసుకుంటున్నట్టు అంతకు ఐదేళ్ల ముందే, 1993లో ప్రకటించారు. కానీ ఆ కబురు ఆ ఇంటిదాకా చేరలేదు. అమెరికాలో 2008లో పిల్లల సామాన్ల భద్రతకు కఠినమైన చట్టం రావడం వెనక ఆ తల్లిదండ్రుల పోరాటం ఉంది. అందుకే సెకండ్‌హ్యాండ్ కాట్ కొనేటప్పుడు మోడల్ పేరు, తయారైన నెల, సంవత్సరం ఉన్న స్టిక్కర్ అడుగున ఉందో లేదో చూడండి, ఆ మోడల్‌ని వెనక్కి పిలిచారేమో ఇంటర్నెట్‌లో వెతకండి. స్టిక్కర్ చిరిగిపోయిన కాట్ ఎంత చవగ్గా వచ్చినా నేనైతే తీసుకోను.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి, తొడుగులు విప్పి మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో నాలుగు గూళ్లూ తుడుస్తాం. ఫ్యాను కింద పూర్తిగా ఆరనిస్తాం, ఎండలో పెడితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఆరాక సన్నగొట్టంతో సిలికాన్ స్ప్రే అర సెకను, అంతకు మించి వద్దు. బయటికి కారింది తుడిచేసి, రాత్రంతా తొడుగులు తెరిచే ఉంచి, మర్నాడు మూస్తాం. సిలికాన్ ఆరిపోయి పలచని పొరలా నిలుస్తుంది, నూనెలాగా ఇసుకను అంతగా పట్టుకోదు, చలికి గడ్డకట్టదు. ఊరినుంచి వచ్చాక కాట్‌ని బ్యాగులో పెట్టి జిప్పు మూసి అటకెక్కించే అలవాటు కూడా మానేశాం. చెమ్మ లోపలే ఉండిపోయి పరుపు అడుగున బూజు కట్టింది ఒకసారి. జిప్పు తెరిచి, గది లోపలే, బాల్కనీకి దూరంగా పెడుతున్నాం.

వేసిన ప్రతిసారీ నాలుగు కమ్మీల మధ్యనా రెండు అరచేతులతో కిందికి అదమాలి, తర్వాత లోపలికీ బయటికీ ఊపాలి. పావుగంటయ్యాక మళ్లీ ఒకసారి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాట్ కొద్దిగా మెలికపడి, పడ్డ గొళ్లెం కూడా సగానికి జారుతుంది. పల్లెటూళ్లో పాత గచ్చు నేలల మీద ఇది రెండుసార్లు జరిగింది. పరుపు మధ్యలో నిమ్మకాయ పెట్టండి. ఒక మూలకు పరుగెత్తితే కాట్‌ని తిప్పి వేరే చోట వెయ్యండి, కాలికింద అట్టముక్కలు మాత్రం దోపకండి, రాత్రి జారిపోతాయి.

పరుపు గట్టిగా ఉందన్నది ఇంట్లో పెద్దవాళ్ల మొదటి ఫిర్యాదు. రెండున్నర సెంటీమీటర్ల మందం, చేత్తో నొక్కితే గుంట పడదు. కావాల్సింది అదే. అమ్మమ్మలు ప్రేమకొద్దీ దానిమీద బొంత పరుస్తారు, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. మామూలు మంచం మీద బొంత వేరు, ఇక్కడ వేరు. కాట్ పక్కలు వల కాబట్టి బయటికి సాగుతాయి. మెత్తటి పొర ఏది వేసినా దాని అంచుకీ వలకీ మధ్య సంచి లాంటి సందు ఏర్పడుతుంది. బోర్లాపడిన బిడ్డ దొర్లి ముఖం ఆ సందులో ఇరుక్కుంటే సొంతంగా తీసుకోలేదు. కాట్‌తో వచ్చిన పరుపే, దానికి బిగువుగా పట్టే దుప్పటే, ఇంకేం వద్దు. వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండు, బొమ్మ, మెత్తటి గోడలు ఏవీ లోపల ఉండకూడదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 సూచనల్లో ఉన్నది ఇదే. అరకు చలికి మేం ఎక్కువ దుప్పట్లు వెయ్యలేదు, లోపల ఇంకో పొర బట్ట తొడిగాం. ఆవాల దిండు గురించి అమ్మమ్మతో వాదన అవసరమే రాలేదు. ఆ సందులో నా చెయ్యి దూర్చి చూపిస్తే ఆవిడే దిండు తీసేశారు.

వల విషయంలో నేను మురిసిపోయిన మాట నిజం. ఉక్కపోతలో నాలుగు వైపులా గాలి ఆడుతుంది, పాపకు చెమటకాయలు తగ్గాయి. కొనేటప్పుడు మామూలు పెన్సిల్‌తో చూసుకోండి: మొన దూరినా ఒళ్లు దూరకూడదు. వల రంధ్రం ఆరు మిల్లీమీటర్ల లోపే ఉండాలంటారు, పెన్సిల్ దాదాపు ఏడుంటుంది. అయితే మా వీధి దుమ్ముకి ఆ వల రెండు వారాల్లో బూడిదరంగుకి తిరుగుతుంది. విప్పి ఉతకడానికి రాదు, మెత్తటి బ్రష్షుతో తోముకోవాలి. తెల్లటి వల ఉన్నది కొనకపోతేనే మంచిది.

దోమల గురించి అందరూ అడుగుతారు. పైన బిగించే జిప్పు తెర చిన్నబిడ్డకి సరే. నిలబడే వయసు వచ్చాక లాగి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది, అప్పటినుంచి తీసేశాం. కిటికీలకు జాలీ ఉన్న గది చూసుకోవడం, లేకపోతే పెద్దతెరను కాట్‌కి దూరంగా, బిడ్డ చేతికి అందకుండా నాలుగు వైపులా దించడం మా పద్ధతి. పరదా తాళ్లు, ఛార్జర్ వైర్లు మూడడుగుల లోపు ఉండకూడదు.

రైల్లో ఇది పనికిరాదు. తెరిస్తే మూడున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంత చోటు ఎక్కడిది. మడిచిన బ్యాగు మాత్రం కింది బెర్తు కిందికి పోతుంది. రైల్వే 2022లో లక్నో మెయిల్‌లో ప్రయోగంగా పెట్టిన బేబీ బెర్తు లాంటిది మన బండ్లలోనూ వస్తే నాకు ఎంతో సంతోషం. విమానానికైతే లెక్క చూసుకోండి: బ్యాగుతో కలిపి తొమ్మిది కిలోలు, దేశీయ టికెట్‌కి సాధారణంగా ఇచ్చే పదిహేను కిలోల్లో సగం పైన దీనికే పోతుంది. మేం నెలకోసారైనా కారులో ఊరెళ్తాం కాబట్టి మాకు గిట్టుబాటైంది. ఏడాదికి రెండు ప్రయాణాలు చేసేవాళ్లు, వెళ్లిన చోట గట్టి చెక్క ఉయ్యాల దొరికేవాళ్లు కొనాలా అంటే అవునని చెప్పలేను.

మళ్లీ కొంటావా అంటే ఇదే రకం కొంటాను, అల్యూమినియం పైపులున్నది దొరికితే కాస్త ఎక్కువైనా అది తీసుకుంటాను. సముద్రానికి దూరంగా, పెందుర్తి, కొత్తవలస అవతల ఉండేవాళ్లకి ఇంత తుప్పు పట్టకపోవచ్చు, వాళ్లకి స్టీలు చాలునేమో. పాప ఇప్పుడు 84 సెంటీమీటర్లు. మా కాట్‌కి హద్దు 89 సెంటీమీటర్లు లేదా 13 కిలోలు, ఏది ముందొస్తే అది. అంతకుముందే కాలెత్తి కమ్మీ మీద వేసినా ఆ రోజుతో ఆపేస్తాం. కొత్త కమ్మీ వచ్చి ఐదు నెలలైంది, గొళ్లెం బాగానే పడుతోంది, నిన్న రాత్రి కూడా అదిమే చూశాం.