బేర్డెడ్ డ్రాగన్‌తో ఇల్లు మారితే: పాత ట్యాంకా, కొత్తదా?

ఎలాగూ ఇల్లు మారుతున్నాం కదా, మనం పెంచుకునే బేర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి పెద్ద ట్యాంకు (దాన్ని ఉంచే గాజు పెట్టె) కూడా కొనేద్దాం అనిపిస్తుంది. మనకు పని ఒక్కసారే అయిపోతుంది, నిజమే. ఆ బల్లికి మాత్రం గది, వెలుతురు, చప్పుళ్లతో పాటు గూడు కూడా కొత్తదవుతుంది. గడ్డం నల్లబడటం, పొట్ట మీద ముదురు చారలు, తిండి మానేయడం లాంటివి కనిపిస్తే బెదిరి ఉండొచ్చు.

పాత ట్యాంకులో రాయి, కొమ్మ ఎప్పటి చోటే ఉంటే త్వరగా కుదుటపడుతుంది. నా ఓటు దీనికే. అయితే కొత్త గది చల్లగా ఉంటే పాత బల్బు వేడి చాలదు, తిన్నది సరిగా అరగదు. ఒళ్లు కాచుకునే చోట 38–42 డిగ్రీల సెల్సియస్ ఉందేమో థర్మామీటరుతో చూడండి. ముద్దు చేయడం కొన్నాళ్లు ఆపండి.

పాతది ఇరుకైతేనో, పగిలితేనో కొత్తదే దిక్కు. అప్పుడూ లోపలి సామాను పాతదే పెట్టండి.