నెట్ కాన్ఫరెన్స్ కాల్ ప్లాను కొనబోయే బృందాలకు హెచ్చరిక: 'అన్‌లిమిటెడ్ రికార్డింగు' అన్న మాట నమ్మి మేము నష్టపోయాము

కావలి కేంద్రంగా, చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివి వినిపించే చిన్న స్వచ్ఛంద బృందం మాది. చదివేవారు కావలిలోనూ నెల్లూరులోనూ ఉంటే, వినేవారు ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు ఊళ్లలో ఉన్నారు. వారిలో ఎక్కువమంది డీఎస్సీకి సిద్ధమవుతున్నవారు. మాకు వీడియోతో పని లేదు, మాట స్పష్టంగా వినపడితే చాలు. ఆ పూట కాల్‌లోకి రాలేకపోయినవారికీ, సిగ్నల్ పోయి మధ్యలో తెగిపోయినవారికీ రికార్డింగే పాఠ్యపుస్తకం. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కాల్ ముగిసిపోవడం, గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో రికార్డింగు సౌకర్యమే లేకపోవడం వల్ల, సభ్యులందరి దగ్గర చందాలు పోగుచేసి ఒక ప్రైవేటు సంస్థ వద్ద 9,600 రూపాయలకు ఏడాది ప్లాను కొన్నాము.

ఏజెంటు ఇచ్చిన కాగితంలో 'అన్‌లిమిటెడ్ రికార్డింగు' అని పెద్ద అక్షరాలతో ఉంది. రికార్డు చేసినవన్నీ ఏడాది పొడుగునా మాకు అందుబాటులో ఉంటాయని మేము అర్థం చేసుకున్నాము, ఏజెంటు కూడా అదే చెప్పారు. నిజానికి ఎన్ని కాల్స్ అయినా రికార్డు చేసుకోవచ్చన్నదే దాని అర్థమనీ, ప్రతి రికార్డింగునూ 30 రోజుల తర్వాత సర్వర్ నుంచి తొలగిస్తారనీ, ఆ సంగతి షరతుల చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఉందనీ మాకు తెలిసేసరికి సంధులు, సమాసాలు, ఛందస్సుకు సంబంధించిన 22 గంటల పాఠాలు పోయాయి. తొలగించబోతున్నట్టు ముందుగా తెలియజేశామని సంస్థ అంటోంది. తెలియజేసిన మాట వాస్తవమే, కానీ ఆ సూచనను అక్షరాలుగా కాక బొమ్మగా పెట్టారు. మా కాల్స్ నిర్వహించే సోదరికి కూడా చూపు లేదు. ఆమె ఫోనులో తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మ దగ్గర 'చిత్రం' అని మాత్రమే పలికింది. డౌన్‌లోడ్ గుర్తుకు కూడా పేరు పెట్టకపోవడంతో అక్కడ 'బటన్' అన్న మాట తప్ప ఆమెకు మరేమీ వినపడలేదు. చూపులేనివారి కోసమే కొంటున్నామని మొదటి రోజే చెప్పి కొన్న ప్లాను ఇది. డబ్బు పోయినదానికన్నా మాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే.

మిగిలిన రికార్డింగుల నాణ్యత గురించి కూడా చెప్పాలి. మేమందరం యాప్ నుంచే మాట్లాడినా, రికార్డింగును మాత్రం పాత టెలిఫోను స్థాయిలో, అంటే ధ్వనిని సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలిచి, ఆ నమూనాలతోనే దాచారు. అలా దాస్తే 4,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని పూర్తిగా పోతుంది, శ, స, షల మధ్య తేడాను చెవికి పట్టించే ఊదుడు శబ్దంలో చాలా భాగం అక్కడే ఉంటుంది. ఫలితంగా మా విద్యార్థులు 'శకలం' ఏదో 'సకలం' ఏదో తేల్చుకోలేక ఫోను చేసి అడగవలసి వచ్చింది. 2012లోనే ప్రమాణంగా వచ్చిన ధ్వనిని కుదించి దాచే ఓపస్ అనే ఉచిత పద్ధతి సెకనుకు 48,000 నమూనాల వరకు మోయగలదు. పైగా అందరి గొంతులూ ఒకే ఫైలులో కలిసిపోవడం వల్ల, ఎవరి వంటింట్లోనో కుక్కరు విజిల్ పాఠం మీద పడితే దానిని తీసివేసే దారి లేదు. నెట్ ద్వారా మాట్లాడుకునే మంబుల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే ఒక్కొక్కరి గొంతును వేరువేరు ఫైళ్లుగా రికార్డు చేసుకునే వీలుంది.

కనుక ఇటువంటి ప్లాను కొనదలచినవారు డబ్బు కట్టకముందే పది నిమిషాల కాల్ ఒకటి రికార్డు చేయించి, ఆ ఫైలును మీ సొంత కంప్యూటరులోకి దించుకుని వినండి. దించుకోవడానికి ఏజెంటు వెనుకాడితే అక్కడితో ఆగిపోండి. ఎన్ని రోజులు దాస్తారన్నది మాటగా కాక మెయిల్‌లో రాయించుకోండి. మీ బృందంలో చూపులేనివారుంటే యాప్‌ను ముందుగా వారి చేతికివ్వండి. కొన్న తర్వాత కూడా ఏ రోజు రికార్డింగును ఆ రోజే దించుకోండి. గంట పాఠాన్ని సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3గా దాస్తే 29 ఎంబీ దాటదు, 8 జీబీ పెన్‌డ్రైవులో 200 గంటలకు పైగా పడతాయి.

మూడు మెయిళ్లు పంపిన తర్వాత, వాడిన ప్లానుకు డబ్బు వాపసు ఉండదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు. ఆ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాము. మీరు మోసపోయి ఉంటే రశీదు, ప్రకటన కాగితం, ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజీలు పారవేయకండి.

అదే ఏజెంటు ఇప్పుడు ఒంగోలులోని ఒక రక్తదాతల బృందానికి ప్లాను అమ్మజూపుతూ, కావలి బృందం ఎంతో తృప్తిగా వాడుకుంటోందని చెప్పినట్టు మాకు తెలిసింది. మా పేరు వాడుకోవడానికి మేము అనుమతి ఇవ్వలేదు, తృప్తిగానూ లేము.