తెలుగు డేటాతో పీహెచ్‌పీ, జాంగో: తొమ్మిదేళ్లు వాడాక

విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న రూమ్ తీసుకుని షాపులకి, స్కూళ్లకి, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి వెబ్‌సైట్లు చేసిస్తుంటా. తొమ్మిదేళ్ల నుంచి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, చివరి మూడేళ్లు పక్కన జాంగోతో కూడా, అది పైథాన్ భాషలో సైట్లు కట్టడానికి రెడీగా దొరికే చట్రం. ఏది స్పీడు, దేనికి ఉద్యోగాలు ఎక్కువ లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, నేను ఆ జోలికి పోను. నా కడుపుమంట అంతా ఒక్కదాని మీదే, పీహెచ్‌పీ తెలుగు అక్షరాన్ని చూసే పద్ధతి మీద.

మంచి లేదని కాదు. ఫైల్ మార్చి పైకి ఎక్కించి రిఫ్రెష్ కొడితే పని అయిపోతుంది, చాలామంది సైట్లు ఒకే సర్వర్ పంచుకునే నెలకి వంద రెండొందల షేర్డ్ హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది, ప్రతి రిక్వెస్టూ కొత్తగా మొదలై అక్కడికక్కడే ముగుస్తుంది కాబట్టి ఒక పేజీలో తప్పు చేసినా పక్క పేజీకి అంటదు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ ఇదే మాట చెప్పేవాడిని.

రెండేళ్ల కిందట మార్చిలో, యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నేల ఈనినట్టు పడున్న రోజుల్లో, ఒక కొట్టు నుంచి పొద్దున్నే ఫోన్. "బాబూ, లాట్ల లిస్టు రావట్లేదు, స్క్రీన్ తెల్లగా ఉంది, రైతులొచ్చి కూర్చున్నారు" అన్నారు ఓనర్ గారు. వారధి దాటి మంగళగిరి మీదుగా బండి మీద వెళ్లి ఆ ఘాటులో తుమ్ముతూ లాప్‌టాప్ తెరిచా. నిన్నటి లిస్టు వస్తోంది, మొన్నటిదీ వస్తోంది, ఈ రోజుది మాత్రం ఖాళీ. ఎర్రర్ లాగ్‌లో ఒక్క ముక్క లేదు. డేటాబేస్‌లో చూస్తే లాట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివరికి ఒక్కో లాట్ తీసేస్తూ పోతే దాదాపు రెండు గంటలకి దొరికింది.

కొత్తగా చేరిన గుమాస్తా ఒక లాట్‌కి రిమార్కు కాలమ్‌లో "కోల్డ్ స్టోరేజీలో పెట్టిన తేజ కాయలు" అని కొట్టాడు. అంతకుముందు ఉన్నాయన "తడి", "తాలు" అని ఒక్క మాటతో సరిపెట్టేవాడు. ఫోన్‌లో ఒకే లైన్లో పట్టాలని ఆ కాలమ్‌ని నేను 60 దగ్గర కట్ చేశా, మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో. నేను అనుకున్నది 60 అక్షరాలు, అది కోసింది 60 బైట్లు, అంటే కంప్యూటర్ అక్షరాన్ని దాచుకునే చిన్న ముక్కలు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ మూడేసి బైట్లు. "పెట్టిన"లో ట కింద ఒత్తు రావాలంటే ముందు ఒక పొల్లు ఉండాలి కదా, సరిగ్గా ఆ పొల్లు మూడు బైట్లలో ఒక్కటి మిగిలి రెండు తెగిపోయాయి. అలా తెగిన బైట్ ఒక్కటి ఉన్నా, లిస్టుని బ్రౌజర్‌కి పంపేలా మార్చే జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ మొత్తం లిస్టునే వదిలేసి ఫాల్స్ (కాదు) అని ఇస్తుంది, నోరెత్తదు, దాన్ని ఎకో చేస్తే, అంటే పేజీలోకి పంపితే, వచ్చేది ఖాళీ. పక్క పేజీకి అంటదు అన్నది నిజమే, కానీ ఒక్క రిమార్కు ఆ రోజు లాట్లన్నింటినీ మింగేసింది.

ముందే టెస్టుల్లో ఎందుకు దొరకలేదా అని తర్వాత లెక్కేసి చూస్తే ఇంకా మండింది. 60 మూడుతో పోతుంది, కాబట్టి స్పేస్ లేని తెలుగు ఎంత పొడుగున్నా శుభ్రంగా తెగుతుంది, స్పేస్‌కి ఒక్కటే బైట్ కాబట్టి కోత లోపు మూడు స్పేసులున్నా అంతే. ఒకటో రెండో, నాలుగో ఐదో, ఇలా మూడుతో పోని లెక్కలో పడితేనే దెబ్బ, ఆ రిమార్కులో కోత లోపు పడ్డవి రెండు.

పేరు ముందు ఎంబీ తగిలించిన, బైట్లు కాకుండా అక్షరాలు లెక్కేసే ఫంక్షన్లు వాడాలని తెలిసినవాళ్లు అంటారు, నేనూ ఆ రోజే మార్చా. కానీ మామూలు పేరున్న ఫంక్షనే తప్పు పని చేస్తే కొత్తవాడికి ఎలా తెలుస్తుంది? అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌ని లోపలికే తీసుకురావాలని మొదలుపెట్టిన పీహెచ్‌పీ 6ని 2010లో ఆపేశారు, 5 తర్వాత 2015లో నేరుగా 7 వచ్చింది, ఈ బాధ మాత్రం అలాగే ఉండిపోయింది. పైథాన్ వాళ్లు 2008లో 3 వెర్షన్‌తోనే ఈ మార్పు చేశారు, పాత కోడ్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి తిప్పలు పడ్డారు, అయినా చేశారు.

తర్వాత ఆ కొట్టు ప్రోగ్రామ్‌ని జాంగోలోకి మార్చా. "గుంటూరు" పొడవు ఎంత అంటే పీహెచ్‌పీ మామూలు ఫంక్షన్ 21 చెప్పేది, పైథాన్ గుణింతం గుర్తులు, సున్నా కూడా విడిగా లెక్కేసి 7 అంటుంది. కోస్తే బైట్ తెగదు. అలాగని పూర్తిగా సుఖం అని చెప్పలేను, మనం చదివే అక్షరాలు మూడే కదా, మొదటి నాలుగు కోయమంటే "గుంట" అని చేతిలో పెడుతుంది. రెడీగా వచ్చే అడ్మిన్ పేజీ మాత్రం ప్రాణానికి హాయి, గుమాస్తాకి వేరే ఎంట్రీ స్క్రీన్ కట్టే పనే లేకపోయింది. కానీ దీనికి నేను వీపీఎస్, అంటే మనమే చూసుకోవాల్సిన విడి సర్వర్, తీసుకోవాల్సి వచ్చింది, కోడ్ మార్చిన ప్రతిసారీ సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, ఓనర్ గారికి నెల ఖర్చు పెరిగింది, ఆయన ఆ రోజు చూశారు కాబట్టి ఒప్పుకున్నారు. జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్ కూడా ఒక స్కూల్ సైటుకి వాడా, చెడ్డగా లేదు, నా చేతికి అలవాటు కాలేదు అంతే.

నేను ఒక్కణ్నే, సర్వర్ చూసుకునే మనిషిని పెట్టుకోలేను, కాబట్టి బీసెంట్ రోడ్డు బట్టల షాపుకి నాలుగు పేజీల సైటంటే ఇప్పటికీ పీహెచ్‌పీనే. తెలుగులో ఎంట్రీ, డబ్బు లెక్క రెండూ ఉన్న చోట జాంగో. మీకు టీమ్ ఉంటే, డేటా అంతా ఇంగ్లీషులోనే ఉంటే మీ లెక్క వేరుగా ఉండొచ్చు. నేను మాత్రం ఇప్పుడు ఏ సైటు ఒప్పుకున్నా, ఏ భాషలో చేసినా, మొదటి ఎంట్రీగా ఆ గుమాస్తా రిమార్కే కొడుతున్నా, స్పేసులతో సహా.