బయాస్ అప్‌డేట్ చేశామంటే నమ్మి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనకండి

లినక్స్ వేసి అమ్ముతున్న పాత డెస్క్‌టాప్ కొనబోయేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను మోసపోయాను.

"బయాస్ లేటెస్ట్, ప్రాసెసర్ లోపాలన్నిటికీ ప్యాచ్ పడింది" అన్నారు అమ్మినవాళ్లు. బయాస్ అంటే ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డు మీదుండే ప్రోగ్రామ్. అక్కడే టెర్మినల్ తెరిచి చూశాను, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపాల్ని సరిచెయ్యడానికి దానిలోకి ఎక్కించే కోడ్) నంబర్ కొత్తదే. తీరా ఇంటికి తెచ్చి, డిస్క్ తుడిచి నా సిస్టమ్ వేసుకున్నాక, లినక్స్ చూపించే ప్రాసెసర్ లోపాల జాబితాలో ఎండీఎస్ (ఇంటెల్ ప్రాసెసర్లలో డేటా లీకయ్యే లోపం) ఎదురుగా ఈ మాటలు: "వల్నరబుల్: క్లియర్ సీపీయూ బఫర్స్ అటెంప్టెడ్, నో మైక్రోకోడ్". అంటే ఆ లోపాన్ని అడ్డుకునే మైక్రోకోడ్ లేదని. ఎండీఎస్ సంగతి బయటపడిందే 2019 మేలో. బోర్డు మీదున్న బయాస్ అంతకన్నా పాతదన్నమాట!

మైక్రోకోడ్ ప్రాసెసర్‌లో నిలవదు. కరెంటు తీస్తే పోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ముందు బయాస్ తన దగ్గరున్నది ఎక్కిస్తుంది, ఆ తర్వాత కెర్నెల్‌కి (లినక్స్ మూలభాగానికి) డిస్క్‌లో ఇంకా కొత్తది దొరికితే దాన్ని ఎక్కిస్తుంది. నేను చూసిన నంబర్ వాళ్ల డిస్క్‌లోంచి వచ్చింది. డిస్క్ తుడిచాను, అదీ పోయింది.

మైక్రోకోడ్ ప్యాకేజీ వేసి రీబూట్ చేసినా మారలేదు. సగం రోజు దానికే పోయింది. ఫైల్ లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంది గానీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునే చిన్న ఫైళ్ల మూటలోకి) చేరలేదు. రూట్ డిస్క్ మౌంట్ కాకముందే కెర్నెల్ దానికోసం వెతుకుతుంది కాబట్టి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కి మొట్టమొదట, కంప్రెస్ చెయ్యని సీపీఐఓ ఆర్కైవ్‌లో అది ఉండాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టాకే ఆ "నో మైక్రోకోడ్" పోయింది. వైఫై ఫర్మ్‌వేర్ లేకపోతే వైఫై పనిచెయ్యదు, వెంటనే తెలిసిపోతుంది. మైక్రోకోడ్ పాతదైతే మెషీన్ మామూలుగానే నడుస్తుంది, మనం వెతికితే తప్ప తెలియదు. నన్ను బాగా భయపెట్టింది ఇదే.

అందుకని అమ్మేవాళ్ల ముందే డీమెసేజ్‌లో (కెర్నెల్ మెసేజ్‌ల లాగ్‌లో) మైక్రోకోడ్ అని వెతికించండి. కొత్త కెర్నెల్ అయితే "అప్‌డేటెడ్ ఎర్లీ ఫ్రమ్" అన్న లైన్ ఉంటుంది, దాని పక్కన ఉన్నదే బయాస్ ఇచ్చిన అసలు నంబర్. ఆ లైన్ లేకపోతే గ్రబ్‌లో (ఆన్ చేసినప్పుడు వచ్చే బూట్ మెనూలో) కెర్నెల్ లైన్ చివర డిస్_యూకోడ్_ఎల్‌డీఆర్ చేర్చి ఒకసారి బూట్ చేయించండి. అప్పుడు కెర్నెల్ తనదేమీ ఎక్కించదు, సీపీయూఇన్‌ఫోలో (ప్రాసెసర్ వివరాలుండే ఫైల్‌లో) బయాస్ నంబరే కనబడుతుంది. లైవ్ యూఎస్‌బీతో చూసి సరిపెట్టుకోకండి, దానిలోనూ మైక్రోకోడ్ ఉండొచ్చు.

వెనక్కి తీసుకోమంటే "మీరు ఓఎస్ మార్చేశారు కదా" అన్నారు. బోర్డు మోడల్‌కి చివరి బయాస్ ఏ తేదీన వచ్చిందో కూడా ముందే చూసుకోండి. నా బోర్డుకి ఎండీఎస్ తర్వాత ఒక్కటీ రాలేదు.