క్రెడిట్ కార్డు పాయింట్లు బిల్లులో కొట్టేయాలా, టికెట్ కొనాలా, మైల్స్‌లోకి మార్చాలా: ఏది మేలు?

మొన్న మా బావమరిది వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. "బావా, కార్డులో 42 వేల పాయింట్లున్నాయి, అందులో 11 వేలు వచ్చే నెలాఖరుకి పోతాయట, క్యాష్ చేసేయనా?" అని కింద ఒక మెసేజ్. వాడిది హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్. ఆగరా బాబూ, ఏమీ నొక్కకు అన్నాను. ఎందుకంటే ఆ కార్డులో పాయింటుని బిల్లులో తగ్గించుకుంటే 20 పైసలే వస్తుంది, అదే బ్యాంకు పోర్టల్లో విమానం టికెట్‌కో హోటల్‌కో వాడితే 50 పైసలు. అవే 42 వేలు ఒకచోట 8,400 రూపాయలు, ఇంకోచోట 21,000.

అదే బ్యాంకు ఇన్ఫినియా కార్డులో ఈ తేడా ఇంకా ఎక్కువ, టికెట్‌కి వాడితే పాయింటుకి రూపాయి, బిల్లులో వేసుకుంటే 30 పైసలు. ఎస్‌బీఐ సింప్లీక్లిక్ లాంటి కార్డుల్లో మాత్రం నాలుగు పాయింట్లు ఒక రూపాయి, అక్కడ మరీ లెక్కలు వేసుకుని బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. కాబట్టి "ఏది మేలు" అనే ముందు మీ చేతిలో ఉన్నది ఏ కార్డో చూడాలి, పక్కింటాయన సలహా ఆయన కార్డుకే పనికొస్తుంది.

బిల్లులో తగ్గించుకోవడం అన్నిటికన్నా సుళువు, నిజమే. టెన్షన్ లేదు, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. కానీ రెగాలియా గోల్డ్ వార్షిక ఫీజు 2,500, జీఎస్టీతో 2,950. ఏడాదికి 4 లక్షలు వాడితే మాఫీ. నెలకి 30 వేలు వాడే మనిషికి ఆ మాఫీ రాదు, మామూలు ఖర్చులకి పాయింట్లు ఏడాదికి పది వేలు దాటవు, అవి 20 పైసల లెక్కన అమ్మితే రెండు వేలు కూడా రావు, అంటే ఫీజు కట్టి మరీ నష్టపోతున్నాడన్నమాట. క్యాష్ కావాలనుకునేవాడికి అసలు ఈ కార్డే తప్పు. వాడికి ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డో, వార్షిక ఫీజే లేని అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డో మేలు. మొదటిదాంట్లో ఆన్‌లైన్ కొనుగోళ్లకి 5 శాతం, బయట 1 శాతం, రిడీమ్ (పాయింట్లు మార్చుకోవడం) అనే గొడవే లేకుండా దానంతట అదే పడుతుంది (అద్దె, పెట్రోలు, ఇన్సూరెన్స్, స్కూలు ఫీజులకి రాదు, అది గుర్తుపెట్టుకోండి). రెండోదాంట్లో ప్రైమ్ ఉన్నవాళ్లకి అమెజాన్‌లో 5 శాతం, లేనివాళ్లకి 3, వచ్చింది అమెజాన్ పే బ్యాలెన్స్‌లో చేరుతుంది.

ఒక మాట. పాయింట్లు బిల్లులో జమ అయ్యాయి కదా అని ఆ నెల అంతమేర తగ్గించి కట్టేవాళ్లున్నారు. చాలా కార్డుల్లో ఆ జమని మీరు కట్టిన పేమెంట్‌గా లెక్కపెట్టరు. గడువులోపు బిల్లు మొత్తం కట్టాల్సిందే, లేకపోతే నెలకి 3.5 శాతం పైచిలుకు వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, మీ ఏడాది పాయింట్లన్నీ ఒక్క నెలలో హారతి కర్పూరం. బిల్లు మొత్తం కట్టలేని నెలలు తరచూ వచ్చేవాళ్లు ఈ పాయింట్ల లెక్కలోకి దిగకపోవడమే మంచిది.

ఇక క్యాటలాగ్ వస్తువులు, అంటే పాయింట్లకి బదులుగా బ్యాంకు ఇచ్చే సామాన్లు. ఇక్కడ నేను స్వయంగా దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కింద ఒక బ్యాంకు కార్డులో 8,800 పాయింట్లు పెట్టి ప్రెషర్ కుక్కర్ తెప్పించాను. ఫ్రీగా వచ్చిందని ఇంట్లో గొప్పలు పోయాను. మూడో రోజు అమ్మ వంటింట్లోంచి, "ఫ్రీ అన్నావు కదరా, మరి విజిల్ కూడా వాళ్లే వేస్తారా?" అంది. రబ్బరు సరిగా కూర్చోవడం లేదు, ఆవిరంతా పక్కనుంచి పోతోంది. తర్వాత బేగంబజార్‌లో అదే కంపెనీ, అదే సైజు కుక్కర్ 1,450కి కనిపించింది. అంటే నా పాయింటుకి పదహారు పైసలన్నర. అవే పాయింట్లు వోచర్‌గా తీసుకుని ఉంటే 25 పైసల చొప్పున 2,200 వచ్చేవి. క్యాటలాగ్‌లో ఎమ్మార్పీకి లెక్క కడతారు, మనం బజార్లో ఏనాడూ ఎమ్మార్పీకి కొనం, మతలబు అక్కడుంది. వోచర్లు ఫరవాలేదు, మీరు ఎలాగూ కొనే షాపువి అయితేనే. ఎప్పుడూ అడుగుపెట్టని బ్రాండు వోచర్ తీసుకుంటే దాన్ని వాడటానికి జేబులోంచి ఇంకో రెండు వేలు పెడతారు.

విమానం టికెట్‌కి వస్తే, 50 పైసలు అని రాసి ఉన్నంత మాత్రాన 50 రావు. కిందటి సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విశాఖకి టికెట్ చూశాను. పోర్టల్లో 5,240, ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో అదే విమానం 4,780. నా కార్డులో బుకింగ్‌లో 70 శాతం దాకే పాయింట్లు వాడనిస్తారు, మిగతాది డబ్బే. అలా 7,336 పాయింట్లు పోయాయి, చేతి నుంచి 1,572 కట్టాను. నేరుగా కొంటే 4,780 అయ్యేది కాబట్టి నిజంగా మిగిలింది 3,208, పాయింటుకి 44 పైసలు కూడా కాదు. అయినా 20 పైసల కన్నా రెట్టింపు పైనే కదా అని బుక్ చేశాను. పోర్టల్ ధర ఇంకో వెయ్యి ఎక్కువుంటే చేసేవాణ్ని కాదు. ప్రతిసారీ రెండు ట్యాబ్‌లు తెరిచి పక్కపక్కన చూసుకోవాల్సిందే. ఇంకోటి, టికెట్ ఎలాగూ కొనాల్సి ఉంటేనే ఇది లాభం. పాయింట్లున్నాయని గోవా వెళ్తే హోటల్, క్యాబ్, తిండి ఖర్చు పాయింట్లు కట్టవు.

ఎయిర్‌లైన్ మైల్స్ (విమాన సంస్థల సొంత పాయింట్లు), హోటల్ పాయింట్లలోకి మార్చడం పెద్దాట. బాగా ఆడితే పాయింటుకి రూపాయి పైనే రాబట్టొచ్చు, ముఖ్యంగా డాలస్ లాంటి ఊళ్లకి అమ్మానాన్నల్ని బిజినెస్ క్లాస్‌లో పంపాలనుకునేవాళ్లు. హోటళ్లలో అకోర్‌ది తిన్నని లెక్క, 2,000 పాయింట్లకి 40 యూరోల తగ్గింపు. కానీ మైల్స్‌తో సీటు దొరకాలి, దొరికినా పన్నులు డబ్బుగా కట్టాలి, ఒకసారి పంపిన పాయింట్లు వెనక్కి రావు. పైగా రూల్స్ మారిపోతాయి. యాక్సిస్ మాగ్నస్‌లో ఐదు పాయింట్లకి నాలుగు మైల్స్ వచ్చేవి, 2023 సెప్టెంబర్ 1 నుంచి బర్గండీ వాళ్లకి (ఆ బ్యాంకులో పెద్ద మొత్తాలు ఉంచే ఖాతాదారులు) తప్ప మిగతావాళ్లకి ఐదుకి రెండే. లక్ష పాయింట్లు కూడబెట్టుకున్నవాడికి 80 వేల మైల్స్ కాస్తా 40 వేలయ్యాయి. 2024 నవంబర్‌లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయాక దాని పాయింట్లన్నీ మహారాజా క్లబ్‌కి వెళ్లాయి. ఇవన్నీ గమనిస్తూ ఉండే ఓపిక ఉంటేనే దిగండి. నాకు లేదు, ఒప్పుకుంటున్నాను.

మరి ఎప్పుడు వాడాలి? దాచుకుంటే పెరిగేవి కావు, వీటికి వడ్డీ రాదు, చాలా కార్డుల్లో రెండు మూడేళ్లకి పోతాయి కూడా. అలాగని నెలనెలా కొన్ని కొన్ని వాడేయడమూ దండగే. కొన్ని బ్యాంకులు రిడీమ్ చేసిన ప్రతిసారీ 99 రూపాయలు, జీఎస్టీ కలిపి దాదాపు 117 తీసుకుంటాయి, 500 రూపాయల పాయింట్లకి అది దాదాపు పావు వంతు. నేనైతే ఏడాదికి ఒకసారి, ఏదో ప్రయాణం ఖాయమైనప్పుడు వాడేస్తాను. కార్డు రద్దు చేయాలనుకుంటే మాత్రం ముందు పాయింట్లు వాడి, అవి ఖాతాలో పడ్డాకే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి.

"మీ పాయింట్లు ఈ రాత్రితో పోతాయి" అని లింకుతోనో ఏపీకే ఫైలు(ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు)తోనో మెసేజ్ వస్తే ముట్టుకోకండి. పాయింట్లు చూడాలంటే బ్యాంకు యాప్ మీరే తెరుచుకుని చూడండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.

మా బావమరిది సంగతి చెప్పలేదు కదా. కార్తీకంలో మా అత్తయ్య, మామయ్య కాశీ వెళ్దామనుకుంటున్నారట, ఆ మాట వాడికి నేను అడిగాకే గుర్తొచ్చింది. పోయేముందున్న 11 వేలతో మొదలుపెట్టి హైదరాబాద్ నుంచి వారణాసికి ఇద్దరి టికెట్లూ పాయింట్లు వాడి చెయ్యరా, తిరుగు ప్రయాణానికి రెండు సైట్లలో రేట్లు చూసి నాకు పంపు అన్నాను. పోవడానికి టికెట్లు రాత్రే చేశాడు. తిరుగు టికెట్ల దగ్గర, రెండు వందల తేడాకి పోర్టలా, ఎయిర్‌లైనా అని ఇంకా మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు.